నాయన అట్టలు, నా కార్డులు

ధర్మవరంలో మా ఇల్లు అంటే నడిమింట్లో మగ్గం, దాని చుట్టూ మిగిలిన చోట మేము. నాయన గుంతలో కూర్చుని తొక్కినప్పుడల్లా పైన దూలాలకి బిగించిన జాకార్డు పెట్టె టక్కున లేచేది. దానికి వేలాడే అట్టల దండలో ఒక అట్ట ముందుకి జరిగేది. నాడె ఇటు నుంచి అటు పోయేది. మళ్ళీ తొక్కుడు, మళ్ళీ ఇంకో అట్ట. చిన్నప్పుడు నాకు నిద్ర పట్టాలంటే ఆ చప్పుడు ఉండాల్సిందే. పండగకి మగ్గం ఆపితే ఇంట్లో ఎవరో అలిగి కూర్చున్నట్టు ఉండేది.

ఆ అట్టల నిండా చిల్లులే. మాది 240 కొక్కేల జాకార్డు. అట్టలో చిల్లు ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది. దాని కొక్కెం పైకి లేచే ఇనప పట్టీని పట్టుకునే ఉంటుంది కాబట్టి పట్టీతో పాటు పడుగు పోగులు లేస్తాయి. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కి తోసేస్తుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందనే ఉండిపోతుంది. ఇంతే సంగతి. ఈ లేవడం, లేవకపోవడంతోనే అంచు మీద హంసలు వచ్చేవి. నేను పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ, హంస ముక్కు ఎప్పుడొస్తుందా అని చూస్తుండేదాన్ని. ముక్కు కన్నా మెడ చాలా ఆలస్యంగా వచ్చేది.

ఆ మెడతోనే ఒకసారి కష్టం వచ్చింది. డిజైన్ ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు, దాన్ని చూసి అట్టలు కొట్టే ఆయన వరసకి ఒక అట్ట చొప్పున చిల్లులు కొడతాడు. కొత్త డిజైన్‌లో ఆయన ఒక్క చిల్లు ఎక్కువ కొట్టాడు. చీర అంచు పొడుగునా ప్రతి హంస మెడ మీదా ఎర్ర చుక్క, గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు. చీర కొన్న షావుకారు కూలిలో కోత పెట్టాడు. నాయన తిట్టలేదు, అట్టలు కొట్టిన ఆయనని కూడా ఏమీ అనలేదు. నాతో మాత్రం అన్నాడు, "దానికి కండ్లు లేవు కదా పాపా. బెజ్జం ఏం చెప్తే అది చేస్తాది."

ఆ మాట నాకు మళ్ళీ 1976లో హైదరాబాదులో గుర్తొచ్చింది. టైపు హయ్యర్ పాసై ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతుంటే, ఒక ఆఫీసు నుంచి పంచ్ ఆపరేటర్ పోస్టుకి పరీక్షకి రమ్మని కార్డు వచ్చింది. పంచ్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గంటకి 8,000 కీలు కొట్టగలవా అని అడిగారు, కొట్టాను. చేరిన మొదటి రోజు ఒక పొడుగాటి గదిలోకి తీసుకెళ్ళారు. వరసగా మిషన్లు, ఒక్కో దాని ముందు ఒక అమ్మాయి, గది మొత్తం టకటకటక. మిషన్‌లోంచి బయటికి జరుగుతున్నది చూసి నాకు నవ్వు ఆగలేదు. అట్టలు! చిల్లులు పడిన అట్టలు. పక్కనున్న సూపర్‌వైజర్ మేడమ్ "ఏమ్మా, ఏమైంది?" అంది. ఏం చెప్పాలో తెలియక "ఏం లేదండీ" అన్నాను. ఉద్యోగం కోసం ఊరు దాటి వస్తే ఊళ్ళో ఉన్నదే ఎదురొచ్చిందని ఎలా చెప్పడం?

కాకపోతే మా అట్టలు మూరెడు పొడుగు, ముతకవి. ఇవి పోస్టు కార్డు కన్నా కాస్త పెద్దవి, పల్చగా, లేత గోధుమ రంగులో ఉండేవి. తిరగబడితే తెలియడానికి ఒక మూల ఏటవాలుగా కత్తిరించి ఉండేది. మావి గుండ్రటి చిల్లులు, ఇక్కడ నిలువుగా చిన్న దీర్ఘచతురస్రాలు. కార్డుకి 80 నిలువు వరసలు, ఒక్కో వరసలో చిల్లు పడగల చోట్లు 12. అంకె అయితే ఒక చిల్లు చాలు, ఐదంటే ఐదు అంకె దగ్గర. అక్షరానికి రెండు. నేను మొదట కొట్టింది మా జేజి పేరు, లక్ష్మి. ఇంగ్లీషు ఎల్‌కి పై నుంచి రెండో అడ్డవరసలో ఒకటి, మూడు అంకె దగ్గర ఒకటి. ఏకి అన్నిటికన్నా పైన ఒకటి, ఒకటి అంకె దగ్గర ఒకటి. అలా ఏడు అక్షరాలకి 14 చిల్లులు. కార్డుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే జేజి పేరు చుక్కలు చుక్కలుగా వెలిగింది. ఆర్నెల్లు తిరిగేసరికి, పైన అక్షరాలు అచ్చు పడకపోయినా చిల్లులు చూసి పేరు చదివే స్థితికి వచ్చాం అందరం. ఈ విద్యకి ఇప్పుడు నయాపైసా విలువ లేదు, మర్చిపోవడం మాత్రం కుదరలేదు.

మా ప్రోగ్రామర్ ఒకాయన ఉండేవారు, భోజనాల దగ్గర కథలు చెప్పేవారు. అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేల్చడానికి ఏడెనిమిదేళ్ళు పట్టిందట. తర్వాతి లెక్కలు మొదలయ్యే వేళకి గానీ పాతవి పూర్తికాని పరిస్థితి. అప్పుడు హెర్మన్ హోలరిత్ అనే ఇంజినీరు మనిషికో కార్డు పెట్టి, వయసు, వృత్తి, పుట్టిన చోటు అన్నీ చిల్లులుగా కొట్టించి, మిషన్‌తో లెక్కపెట్టించాడు. చిల్లులోంచి సూది దూరి కింద ఉన్న పాదరసానికి తగిలితే కరెంటు పారి లెక్క ఒకటి పెరిగేది. 1890 లెక్కల్లో ఆరు కోట్ల పైచిలుకు జనం అలా తేలారు. ఆయన పెట్టిన కంపెనీయే ఇంకొన్నిటితో కలిసి, 1924లో పేరు మార్చుకుని ఐబీఎం అయింది. ఇదంతా విని నేను "మరి ఆయనకి ఈ ఆలోచన మగ్గం చూసి వచ్చిందా?" అని అడిగాను. ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "నీకెలా తెలుసు?" అన్నారు. మా ఇంటి సంగతి అప్పుడు చెప్పాను.

అప్పటి నుంచి ఆయన నాకు పుస్తకాలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. జాకార్డు అనేది మిషన్ పేరు అనుకున్నాను ఇన్నాళ్ళూ, అది మనిషి పేరని అప్పుడే తెలిసింది. ఫ్రాన్స్‌లో లియాన్ పట్నపు పట్టు నేత కుటుంబంలో పుట్టిన జోసెఫ్ మరీ జాకార్డ్, 1804లో ఆ మగ్గం తయారుచేశాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి ఆ అట్టల పద్ధతే వాడాలని 1830లలో పథకం వేశాడు. యంత్రం పూర్తి కానే లేదు. దాని గురించి 1843లో అడా లవ్‌లేస్ రాస్తూ, జాకార్డు మగ్గం పూలూ ఆకులూ నేసినట్టు ఇది బీజగణితాన్ని నేస్తుంది అంది. బీజగణితం మాట ఎలా ఉన్నా, నేత మాట వచ్చిన చోట నేను రెండుసార్లు చదివాను.

ఇక అసలు కంప్యూటర్. అది వేరే గదిలో ఉండేది. చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ. ఎండాకాలంలో ఏదో ఒక వంక పెట్టుకుని కార్డుల ట్రే మోసుకుపోయేవాళ్ళం, నిమిషం చల్లగా నిలబడొచ్చని. ఐబీఎం 1401. 1959లో వచ్చిన మోడల్, మేము చూసేనాటికే ముసలిది. బీరువాల్లాంటి పెట్టెలు. కార్డ్ రీడర్ నిమిషానికి 800 కార్డులు మింగేది. ప్రింటర్ నిమిషానికి 600 లైన్లు కొట్టేది, దాని మోతకి పక్క మనిషి మాట వినపడేది కాదు. జ్ఞాపకశక్తి అంటారా, మా మిషన్‌లో 8 వేల అక్షరాలు పట్టేవి. మీరిప్పుడు చదువుతున్న ఈ పోస్టు అందులో పట్టదు. విజయదశమికి దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఒక ఏడాది ఎవరో సాంబ్రాణి వెలిగించబోతే ఇంజినీరు పరిగెత్తుకొచ్చి ఆపాడు. కొబ్బరికాయ గుమ్మం బయటే కొట్టించాడు.

అంత హంగామా దేనికంటే జీతాల బిల్లుకి. మా వీధిలో వాళ్ళు కంప్యూటర్ అంటే జాతకం చెప్తుందా, మనసులో మాట చెప్తుందా అని అడిగేవాళ్ళు. నేను చెప్పేది విని నీరసపడేవాళ్ళు. బేసిక్ ఎంత, డీఏ ఎంత, పీఎఫ్ ఎంత, పండగ అడ్వాన్సు ఎంత కోయాలి, ఇదే. ప్రపంచమంతటా మొదట్లో దానికి అప్పజెప్పిన చాకిరీ చాలావరకు ఇలాంటిదే, జనాభా లెక్కలు, జీతాలు, ఇన్సూరెన్సు ప్రీమియాలు. గుమస్తాలకి అది నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1960లలో ఎల్ఐసీ కంప్యూటర్లు పెట్టబోతే కలకత్తాలో ఉద్యోగులు మిషన్ లోపలికి రాకుండా ఆఫీసు ముందు రాత్రింబవళ్ళు కాపలా కాశారు. మా ఆఫీసులోనూ అకౌంట్స్‌లో పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసినప్పుడల్లా, "కొట్టండమ్మా, ఒక్కో చిల్లూ మా పొట్ట మీదే" అనేవారు. నవ్వుతూనే అనేవారు, కానీ ఊరికే అనేవారు కాదు.

1977లో ఒక నెలాఖరు. కార్డు కొట్టాక వెరిఫై చెయ్యడం అని ఒక పద్ధతి ఉండేది. అదే కాగితం చూసి ఇంకో అమ్మాయి వేరే మిషన్ మీద మళ్ళీ అవే కీలు నొక్కాలి. రెండూ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గాటు పడుతుంది. కలవకపోతే ఎర్ర లైటు. మూడోసారీ కలవకపోతే తప్పున్న వరస నెత్తిన గాటు. ఆ నెల ఇద్దరు సెలవులో ఉన్నారు, పైనుంచి ఒత్తిడి, మార్పుల కార్డులు వెరిఫై చెయ్యకుండానే లోపలికి పంపేశారు. నేను కొట్టిన వాటిలో ఒక అటెండర్ బేసిక్ ఉంది, 185 రూపాయలు. పైసలతో కలిపి ఆరంకెల్లో కొట్టాలి, ముందు సున్నా పెట్టి 018500 అని. ఆ ముందు సున్నా మర్చిపోయాను. చివరికి ఒక వరస ఖాళీ మిగిలితే చెయ్యి అలవాటుగా అక్కడ సున్నా కొట్టేసింది. 185000. అంటే 1,850 రూపాయలు.

జీతాల రోజు ఆయన పే స్లిప్పు పట్టుకుని నేరుగా మా గదికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ మిషన్ నన్ను ఆఫీసర్ని చేసింది. కుర్చీ ఎక్కడేస్తారు?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. డబ్బు ఇంకా ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది, ఆయన ముందే చెప్పాడు కాబట్టి ఇంకా సరిపోయింది. నాకు మెమో వచ్చింది, వెరిఫై వద్దన్న వాళ్ళకి రాలేదు. బయటికి మాత్రం "కంప్యూటర్ తప్పు చేసింది" అన్నారు. నలభై యాభై ఏళ్ళుగా బ్యాంకుల్లో, రేషన్ ఆఫీసుల్లో ఆ మాట వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ 185 పక్కన నా చెయ్యి కొట్టిన సున్నా కనిపిస్తుంది. ఆ రాత్రి హాస్టల్లో పడుకుంటే హంస మెడ మీది ఎర్ర చుక్క కళ్ళ ముందు నుంచి పోలేదు.

మరుసటి ఏడాది, 1978లో, ఐబీఎం మన దేశం నుంచి వెళ్ళిపోయింది. విదేశీ కంపెనీలు వాటా 40 శాతానికి తగ్గించుకోవాలని ఫెరా చట్టం, అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పట్టుదల, కంపెనీ ఒప్పుకోకపోవడం, ఇవన్నీ పేపర్లో చదివాం. మా టెన్షన్ వేరు, మిషన్ ఆగితే ఎవరు బాగుచేస్తారని. మిషన్ల మరమ్మతు బాధ్యత సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థకి వచ్చింది. బండి నడిచింది. అదే హైదరాబాదులో ఇంకో పక్క ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాళ్ళు 1969లోనే టీడీసీ-12 అని సొంత కంప్యూటర్ తయారుచేసి ఉన్నారు. ఆ సంస్థకి ఆద్యుడు ఎ.ఎస్.రావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన మనిషి. ఆయన పేరున్న కాలనీలో ఇవాళ ఇళ్ళు కొనుక్కుంటున్న పిల్లలు సాఫ్ట్‌వేర్ వాళ్ళే, కానీ ఆ పేరు ఎవరిదని అడిగితే సగం మంది బస్టాపు చూపిస్తారు.

నాయన హైదరాబాదు వచ్చింది 1979లో, నా పెళ్ళి మాటలకి. వచ్చినవాడు నా ఆఫీసు చూస్తానన్నాడు. పంచె, తలగుడ్డ, చేతిలో మొలకలచెరువు మామ ఇచ్చిన సంచి. ప్రోగ్రామర్ గారు ఆయనే దగ్గరుండి తిప్పి చూపించారు. నాయన కార్డు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, ట్రేలో దొంతిగా ఉన్న కార్డుల వైపు చూసి మొదట అడిగిన మాట, "దారం లేదే?"

మా అట్టలని వరస తప్పకుండా పురికొసతో ఒకదానికొకటి కుట్టి దండ చేస్తారు. జారిపడినా, దుమ్ము పట్టినా వరస చెదరదు. "ఇవి విడివిడిగా ఉండాయే, కిందబడితే ఎట్లా పాపా?" అన్నాడు. "జాగ్రత్తగా పట్టుకుంటాం నాయనా" అన్నాను. నెల కిందటే వరండాలో వాన జల్లుకి కాలు జారి పదకొండు వందల కార్డుల ట్రే పడేశానని ఆయనకి చెప్పలేదు. ఏరి తుడిచి, సార్టర్ మిషన్‌లో వేసి, ఐదంకెల ఉద్యోగి నంబర్ ప్రకారం మళ్ళీ వరసలో పెట్టాల్సి వచ్చింది. ఒక్కో అంకెకి ఒకసారి చొప్పున ఐదుసార్లు, అదీ ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టాలి. తడిసి ఉబ్బిన కార్డులు మిషన్‌లో ఇరుక్కుంటాయి, వాటిని చూసి మళ్ళీ కొత్తవి కొట్టాలి. రాత్రి ఎనిమిదైంది. అప్పటి నుంచి దొంతి నెత్తిన స్కెచ్ పెన్‌తో ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలు గీత గీసేదాన్ని. కార్డు వరస తప్పితే గీత విరిగి కనిపిస్తుంది. నా దారం అదే.

అప్పుడే ఇంజినీరు, పాడైపోయి పక్కన పడేసిన మెమరీ పలక ఒకటి తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. చట్రంలో సన్నటి రాగి తీగలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. రెండు తీగలు కలిసే ప్రతి చోటా ఆవగింజంత నల్లటి ఉంగరం. ఉంగరాన్ని ఒక వైపు అయస్కాంతం చేస్తే ఒకటి, ఇంకో వైపు చేస్తే సున్నా. అక్షరానికి ఎనిమిది ఉంగరాలు, అంటే మా 8 వేల అక్షరాలకి 64 వేల ఉంగరాలు. ఇంజినీరు ఇదంతా చెప్తున్నాడు గానీ నాయన వినడం లేదు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వేలితో చూపిస్తూ, "ఇది పడుగు. ఇది పేక. మరి ఏటవాలుగా పోయిన ఈ మూడో పోగు ఏంది?" అన్నాడు. "అది చదివే తీగ అండీ. ఉంగరంలో ఏముందో అదే చెప్తుంది" అన్నాడు ఇంజినీరు. నాయన తల ఊపాడు. "చెయ్యి మంచిదే," అన్నాడు, "ఎవురు నేసినారు?" దానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇలాంటి పని ఎక్కువగా ఆడవాళ్ళే సూదులతో చేసేవాళ్ళని, చంద్రుడి మీదికి పోయిన అపోలో కంప్యూటర్ ప్రోగ్రాముని కూడా మసాచుసెట్స్‌లో రేథియాన్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తీగలతో అల్లారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పటికి చెప్పడానికి నాయన లేడు.

ఆ రోజు బస్టాండుకి పోతూ, జాకార్డ్ బొమ్మని 24 వేల అట్టలతో పట్టు మీద నేశారట, ఒకటి బాబేజ్ ఇంట్లో కూడా ఉండేదట అని చెప్పాను. నాయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "24 వేలా! ఆ ఇంట్లో మనుషులు యాడ పండుకున్నారంట?"

కార్డుల కాలం ఎప్పుడు అయిపోయిందని అడిగితే ఫలానా రోజని చెప్పలేను. 1980లలో ఫ్లాపీల మీదికి నేరుగా ఎక్కించే మిషన్లు వచ్చాయి, మేము డేటా ఎంట్రీ ఆపరేటర్లం అయ్యాం, చప్పుడు పోయింది. మిగిలిపోయిన కార్డులు పెట్టెలు పెట్టెలుగా పాత పేపర్ల వాడికి వెళ్ళాయి. ఇంటికి తెచ్చుకున్నవి పాల లెక్కకీ, సరుకుల చీటీకీ ఇరవై ఏళ్ళు వచ్చాయి. కొట్టగా రాలిన బుల్లి ముక్కలు కూడా వదల్లేదు మేము. నా పెళ్ళికి సెక్షన్ అమ్మాయిలు ఒక కవరు నిండా తెచ్చి తలంబ్రాల్లో కలిపేశారు. వారం రోజులు దువ్విన ప్రతిసారీ జడలోంచి రాలాయి. ఒకటి మా ఆయన చెవిలో దొరికింది.

మొన్న ధర్మవరం వెళ్ళాను. అన్న కొడుకు ఎలక్ట్రానిక్ జాకార్డు పెట్టించాడు. పైన అట్టల దండ లేదు, చిన్న పెట్టె, దానికో తెర. వాడు జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి చూపించాడు. "అత్తా, దీంట్లో మున్నూరు డిజైన్లు ఉండాయి." నాయన హంస ఉందా అన్నాను. వెతికి తీసి చూపించాడు, మెడ మీద చుక్క లేకుండా. మరి పాత అట్టలేవిరా అంటే పెరట్లోకి తీసుకెళ్ళాడు. వదిన రెండు మేకలు పెంచుతోంది. కొట్టానికి ఒక పక్క ఎండ కొట్టకుండా అట్టల దండలు తడికెలా వేలాడదీశారు. పురికొస ఇంకా గట్టిగానే ఉంది. కింద మేకపిల్ల ఒక అట్ట మూల పట్టుకుని తీరిగ్గా నములుతోంది. నేను అదిలించబోతే వదిన అంది, "వాంటికి అదే పని. కొంగు డిజైన్ అంతా పోయిన నెలే తినేసినాయి."